చర్మరోగం చిన్న రోగమా?

ఉప్పల్, నాచారం బస్తీల్లో ఆరోగ్యం మీద ఎప్పుడు సమావేశం పెట్టినా మాటలు ఒకే వరసలో వస్తాయి. ముందు నడుము నొప్పి. తర్వాత రక్తహీనత, తెల్లబట్ట, గర్భసంచి ఆపరేషన్లు. ఆ పైన మగవాళ్ళ తాగుడు, తన్నులు. చర్మం గురించి ఎవరూ లేచి మాట్లాడరు. అంతా అయిపోయి చాపలు మడిచేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు పక్కకు పిలిచి, "అక్కా, ఈ దురద రెండేండ్ల సంది ఉంది, ఏం రాసుకుంటే పోతది?" అని మెల్లగా అడుగుతారు. అడిగేది కూడా ఏం రాసుకోవాలనే గాని, ఎవరికి చూపించుకోవాలని కాదు.

ఆ తేడా గురించే ఈ వ్యాసం. కడుపు నొప్పికీ జ్వరానికీ డాక్టరు కావాలి, చర్మానికి మాత్రం మెడికల్ షాపు, పక్కింటావిడ సలహా, టీవీ ప్రకటన చాలుననే నమ్మకం మనలో ఎలా స్థిరపడింది? దానివల్ల నష్టపోతున్నది ఎవరు, లాభపడుతున్నది ఎవరు? ఇది అందచందాల వ్యవహారమనీ, హక్కుల పత్రికలో చర్చించాల్సినంత విషయం కాదనీ అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆడదాని చర్మం చుట్టూ పెళ్ళి ఉంది, కూలి ఉంది, వ్యాపారం ఉంది, చట్టం ఉంది. ఇన్ని ఉన్నచోట హక్కు లేకుండా ఎలా ఉంటుంది?

బోర్డు చూసి వెనక్కి తిరిగే అడుగులు

చర్మ వైద్యులు చదివే చదువుకు మన దేశంలో మూడు భాగాలున్నాయి. చర్మ వ్యాధులు, లైంగిక సంబంధం వల్ల వచ్చే వ్యాధులు, కుష్టు. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ళ ఎం.డి. గాని, రెండేళ్ళ డిప్లొమా గాని ఈ మూడింటికీ కలిపే ఉంటుంది. అందుకే డాక్టరు పేరు కింద డి.వి.ఎల్. అనే మూడక్షరాలు కనిపిస్తాయి. వాటినే మన ఊళ్ళలో బోర్డుల మీద "చర్మ, సుఖవ్యాధుల నిపుణులు" అని తెలుగులో రాశారు. ఏం సుఖమో, ఎవరి సుఖమో ఆ పేరు పెట్టినవాళ్ళకే తెలియాలి. ఆ బోర్డు ఉన్న మెట్లు ఎక్కుతుండగా వాడకట్టులో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని వెనక్కి తిరిగిన ఆడవాళ్ళు మన చుట్టూ ఎంతోమంది. చేతి మీద తామర ఉన్న మనిషి కూడా ఆ ఒక్క మాటకు జడుస్తుంది.

ఆ రెండో భాగం మనకు అక్కర్లేనిదా అంటే అదీ కాదు. భర్త నుంచి వచ్చిన పుండుతో, వాసనతో కూడిన స్రావంతో, మంటతో నెలల తరబడి బాధపడే స్త్రీలు ఎందరో. వాళ్ళకు కావలసింది సిగ్గు కాదు, వైద్యం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో ఇందుకోసం ప్రత్యేక విభాగాలున్నాయి. పరీక్ష, మందులు ఉచితం. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిందేమంటే, ఈ జబ్బుల్లో భార్యకు ఒక్కదానికే మందిచ్చి పంపితే అది వైద్యం కాదు. భర్త కూడా మందు వాడకపోతే జబ్బు మళ్ళీ ఆమెకే వస్తుంది. "నాకేం లేదు, నీకే ఉంది" అనే మగవాడిని ఆసుపత్రికి రప్పించడం ఆమె ఒక్కతి వల్ల కాకపోవచ్చు. అక్కడే సంఘం అవసరం.

చర్మ వైద్యులు చేసే పనేమిటి?

చర్మ వైద్యులంటే మొటిమలు, మచ్చలు పోగొట్టేవాళ్ళనే అభిప్రాయం ఉంది. చర్మంతో పాటు వెంట్రుకలు, గోళ్ళు, నోటి లోపలి పొర, జననాంగాల మీది పొర ఇవన్నీ వాళ్ళ పరిధిలోవే. మంచి చర్మ వైద్యురాలు మొదట చేసే పని వెలుతురులో పరిశీలించడం, ప్రశ్నలు అడగడం. ఏం పనిచేస్తావు, చేతులు ఎంతసేపు నీళ్ళలో ఉంటాయి, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా, ఇప్పటిదాకా ఏం రాశావు అని అడుగుతారు. ఈ ప్రశ్నల్లోనే సగం రోగనిర్ధారణ ఉంటుంది.

తర్వాత అవసరాన్ని బట్టి పరీక్షలు. తామర అనుకుంటే పైపొట్టును కాస్త గీకి, దాని మీద ఒక రసాయనం చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే బూజు పోగులు కనిపిస్తాయి. ఇది పెద్ద ఖర్చయ్యే పరీక్ష కాదు. ఏ వస్తువు పడక దద్దు వస్తున్నదో తేల్చాలంటే అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న పట్టీలుగా వీపు మీద అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, ఆ తర్వాత మరోసారి చూస్తారు. ఏమిటో తేలకపోతే మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. బొల్లికీ సోరియాసిస్‌కూ ప్రత్యేకమైన అతినీలలోహిత కాంతితో చికిత్స ఉంది. పులిపిర్లను చలువతోనో కరెంటుతోనో తీసేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. చర్మం చాలాసార్లు లోపలి జబ్బును బయటపెడుతుంది. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారి, ఎంత రుద్దినా పోకపోతే అది మురికి కాకపోవచ్చు. షుగరు జబ్బు వచ్చే సూచన కావచ్చు. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తూ, మొటిమలు తగ్గకపోతే హార్మోన్ల తేడా ఉందేమో చూడాలి. రెండు బుగ్గల మీదా ముక్కు మీదా సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి దద్దు వచ్చి, కీళ్ళు నొప్పులు, జ్వరం, జుట్టు రాలడం కూడా ఉంటే అది లూపస్ కావచ్చు. ఈ జబ్బు వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే. అది మూత్రపిండాలను దెబ్బతీసేదాకా "ఎండ పడలేదు" అనుకుంటూ కూచునేవాళ్ళు ఉన్నారు. దద్దు ఏమీ లేకుండా ఒళ్ళంతా దురద పెడుతుంటే కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్ చూడాలి. ఇవన్నీ తెలిసిన మనిషికీ, అల్మారాలోంచి ట్యూబు తీసి ఇచ్చే మనిషికీ మధ్య ఉన్న దూరమే మనం చర్చించాల్సింది.

చేతుల మీది కూలి

నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో మందులు, రసాయనాలు, ప్లాస్టిక్, బట్టలు, తినుబండారాలు తయారవుతాయి. సీసాలు కడగడం, ప్యాకింగు చేయడం, లేబుళ్ళు అంటించడం, నేల తుడవడం వంటి పనులు ఆడవాళ్ళవే ఎక్కువ. ఇక్కడినుంచి హబ్సిగూడ, తార్నాక అపార్టుమెంట్లకు అంట్లు తోమడానికి, బట్టలు ఉతకడానికి పొద్దున్నే వెళ్ళేవాళ్ళు వేరే. బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు లేచే భవనాల్లో సిమెంటు మోసేవాళ్ళు వేరే. ఇవతల మూసీ ఒడ్డున మురుగునీటితో పశువుల గడ్డి పెంచి, ఆ నీళ్ళలో నిలబడి కోసి బతికిన కుటుంబాలూ ఉన్నాయి.

వీళ్ళందరి చేతులూ కాళ్ళూ చూడండి. చేతులు రోజుకు రెండు గంటలకు మించి తడిలో ఉంటే చర్మం మీది సహజమైన నూనె పొర పోతుంది. ఆ పైన సబ్బు పొడి, బ్లీచింగు, ఫినాయిలు. వేళ్ళ సందులు తెల్లగా పాసిపోతాయి, అరచేతులు పగిలి రక్తం కారుతాయి, గోళ్ళ చుట్టూ వాచి చీము పడుతుంది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటాం. ఆ గోరుచుట్టుతోనే మళ్ళీ అంట్లు తోమాలి, ఇంటికొచ్చి మిరపకాయలు నూరాలి. "చేతులు బాగాలేవు, వేరే మనిషిని చూసుకుంటాం" అని పని ఇచ్చినవాళ్ళే తీసేస్తే ఆ జబ్బు పుట్టింది వాళ్ళ వంటింటి సింకు దగ్గరేనని ఎవరు గుర్తుచేస్తారు?

సిమెంటులో ఉండే క్రోమియం వల్ల వచ్చే దద్దు ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత కొంచెం తగిలినా తిరగబెడుతుంది. యూరప్‌లో సిమెంటులో ఆ రకం క్రోమియం పది లక్షల భాగాలకు రెండు భాగాలు మించకూడదని 2003లో నిర్ణయించి, 2005 నుంచి అమలు చేశారు. అంటే ఇది తలరాత కాదు. తలుచుకుంటే తగ్గించగలిగిన జబ్బు.

మన చట్టమూ దీన్ని గుర్తించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, రసాయనాలూ రంగులూ తగలడం వల్ల వచ్చే చర్మవ్యాధి ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో ఒకటిగా ఉండేది. అలాంటి జబ్బు కనిపిస్తే ఫ్యాక్టరీ మేనేజరు, వైద్యం చేసిన డాక్టరు కూడా అధికారులకు తెలపాలని ఆ చట్టం 89వ సెక్షను చెప్పింది. పనివల్ల వచ్చే చర్మవ్యాధులకు నష్టపరిహారం ఇవ్వాలని 1923 నాటి పరిహార చట్టం జాబితాలోనూ చేర్చారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన లేబర్ కోడ్‌లలోకి కూడా ఈ జాబితాలు వచ్చాయి. కాగితం మీద ఇంత ఉంది. అయితే ఆ కాగితం కదలాలంటే మొట్టమొదట కావలసింది "ఈ దద్దు ఫలానా పనివల్ల వచ్చింది" అని ఒక చర్మ వైద్యుడు రాసిచ్చిన చీటీ. మెడికల్ షాపులో ట్యూబు కొనుక్కుని ఊరుకున్న మనిషి దగ్గర ఆ చీటీ ఉండదు. చీటీ లేనప్పుడు జబ్బు లేదు, జబ్బు లేనప్పుడు బాధ్యత లేదు. ఫ్యాక్టరీ యజమానికి ఇంతకన్నా ఏం కావాలి?

ట్యూబుల వ్యాపారం

ఇక మెడికల్ షాపు సంగతి. దురద అన్నా, మచ్చ అన్నా, మంగు అన్నా, నల్లగా ఉన్నానన్నా చాలా షాపుల్లో చేతికొచ్చేది ఒకే జాతి ట్యూబు. దాంట్లో స్టెరాయిడ్ ఉంటుంది. స్టెరాయిడ్ విషం కాదు. ఏ జబ్బుకు, ఎంత బలం ఉన్నది, ఎక్కడ, ఎన్నాళ్ళు రాయాలో తెలిసి రాస్తే అది మంచి మందు. తెలియకుండా రాస్తే చాప కింద నీరులా పనిచేస్తుంది.

తామర మీద రాస్తే దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, బూజు మాత్రం లోలోపల పాకుతుంది. చిన్న వలయం నడుమంతా, తొడలంతా అవుతుంది. ఇంట్లో ఒకే టవలు, ఒకే దుప్పటి వాడేవాళ్ళందరికీ అంటుకుంటుంది. ముఖం మీద రాస్తే మొదటి పదిపదిహేను రోజులు నునుపుగా, తెల్లగా కనిపిస్తుంది. పక్కింటివాళ్ళు కూడా అదే ట్యూబు తెప్పించుకుంటారు. కొన్ని నెలలు పోయాక చర్మం పలచబడి, ఎర్రటి సన్నని నరాలు తేలి, ఎండలోకి వెళితే మంట పుట్టి, మొటిమలు, వెంట్రుకలు మొదలవుతాయి. భయపడి మానేస్తే ముఖమంతా భగ్గుమంటుంది. తట్టుకోలేక మళ్ళీ అదే రాస్తారు. తాగుబోతుకు సారా ఎలాగో ఆ ముఖానికి ఆ ట్యూబు అలా అవుతుంది.

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చర్మ వైద్యుల సంఘం ఎన్నో ఏళ్ళు కొట్లాడితే వచ్చిన నిబంధన ఇది. ఇది ఎంతమాత్రం అమలవుతున్నదో మీ బస్తీలో మీరే చూడవచ్చు. చదువుకున్న పిల్లల చేత ట్యూబు మీది పేరు చదివించండి. బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మోమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. ముఖానికి సొంతంగా రాసుకునేది కాదు. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవాళ్ళు మాత్రం ఒక్కసారిగా పారేయకుండా డాక్టరుకు చూపించి మానాలి.

తెల్లదనం ఆశ చూపి అమ్మే క్రీముల్లో మరో ప్రమాదం పాదరసం. మినమాటా అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, చర్మం తెల్లబడటానికంటూ అమ్మే సరుకుల్లో పాదరసం పది లక్షల భాగాలకు ఒక భాగం మించినవి 2020 తర్వాత తయారు కాకూడదు, దేశాల మధ్య రాకూడదు. అయినా కంపెనీ పేరూ ఊరూ సరిగా లేని డబ్బాలు బజారులోకి వస్తూనే ఉన్నాయి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చినవాళ్ళను డాక్టర్లు ఆరా తీస్తే ఇలాంటి క్రీములే కారణమని తేలింది. 1975 నుంచి మన దేశంలో అమ్ముతున్న ఒక పేరున్న క్రీము 2020లో తన పేరులోంచి తెల్లదనాన్ని తీసేసింది. డబ్బా మీద పేరు మారింది. పెళ్ళిచూపుల్లో అడిగే ప్రశ్న మారిందా? నల్లపిల్లకు కట్నం ఎక్కువనే లెక్క ఉన్నన్నాళ్ళూ ఆ వ్యాపారానికి గిరాకీ ఉంటుంది. ఆ లెక్కతో పోరాడటం మన పని. ఆ పోరాటం పూర్తయ్యేలోగా ఆడపిల్లల ముఖాలు కాలిపోకుండా చూడటం కూడా మన పనే.

మచ్చ, మనువు, చట్టం

బొల్లి అంటువ్యాధి కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరమే పొరపాటున దెబ్బతీసుకోవడం వల్ల వస్తుంది. ఒకరినుంచి ఒకరికి రాదు, పాపఫలం కాదు, చేపా పాలూ కలిపి తిన్నందువల్ల రాదు. అయినా మగవాడికి వస్తే మచ్చ, ఆడదానికి వస్తే మనువే మునిగిపోయిందన్నట్టు చూస్తారు. తెల్లమచ్చలన్నీ బొల్లి కావు కూడా. స్టిక్కరు బొట్టు జిగురులో ఉండే ఒక రసాయనం వల్ల నుదుట తెల్లమచ్చ పడుతుంది. ఎండకు గురైన పిల్లల బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు వస్తాయి. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా దూదితో తాకినా తెలియకపోతే అది కుష్టు కావచ్చు. చూడటానికి దగ్గర దగ్గరగా ఉండే వీటికి వైద్యం పూర్తిగా వేరువేరు. ఏది ఏదో తేల్చకుండా ఆకు పసరు పూయడం, రహస్యంగా దాచడం ఎంత నష్టమో ఆలోచించండి.

కుష్టును పాతకాలపు జబ్బు అనుకుంటున్నాం. 2005 చివరికల్లా ప్రజారోగ్య సమస్యగా దాన్ని నిర్మూలించామని మన ప్రభుత్వం ప్రకటించింది. అయినా 2023లో ప్రపంచంలో నమోదైన కొత్త కుష్టు రోగుల్లో సగానికి పైగా మన దేశంలోనివాళ్ళే. బహుళ ఔషధ చికిత్స 1980ల నుంచి ఉంది. ఆరు నెలలో, ఏడాదో మందులు వాడితే నయమవుతుంది. మందులు ఉచితం. చికిత్స మొదలైన కొద్దిరోజులకే ఇతరులకు అంటే అవకాశం పోతుంది. ఆలస్యమైతేనే వేళ్ళు వంగిపోవడం, అరికాళ్ళలో పుండ్లు. ఆలస్యం ఎక్కువగా ఎవరికి జరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఒళ్ళు కప్పుకు తిరిగే, ఒంటరిగా ఆసుపత్రికి పోలేని, ఇల్లు కదలడానికి అనుమతి కావలసిన మనిషికే.

ఈ నగరంలో కుష్టు రోగుల కోసం 1958లో కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని మొదలుపెట్టింది ఒక స్త్రీ. రాణీ కుముదినీ దేవి. తర్వాత 1962లో ఆమే హైదరాబాదు మేయరయింది. సమాజం ఊరి బయటకు నెట్టిన మనుషులను చేరదీయడం అప్పుడు జరిగింది. చట్టం మాత్రం చాలాకాలం వెలివేస్తూనే ఉంది. భార్యకో భర్తకో కుష్టు ఉందని విడాకులు అడిగే వీలు హిందూ వివాహ చట్టంతో సహా నాలుగు చట్టాల్లో 2019 దాకా ఉండేది. ఆ ఏడాది పార్లమెంటు ఆ మాటలన్నీ తొలగించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కుష్టు నయమైనవాళ్ళనూ, యాసిడ్ దాడికి గురైనవాళ్ళనూ తన రక్షణలోకి తీసుకుంది. ఈ సంగతి మన సలహా కేంద్రాలకు వచ్చే స్త్రీలకు తెలియాలి. "ఆమెకు పెద్దరోగం, మాకొద్దు" అని ఇంట్లోంచి గెంటేవాళ్ళకు ఇంకా బాగా తెలియాలి.

గోడల మీదా కరెంటు స్తంభాల మీదా "బొల్లికి గ్యారంటీ వైద్యం" అని అంటించే కాగితాలు మీరూ చూసే ఉంటారు. బొల్లి, కుష్టు, లూపస్ వంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి మంత్రతంత్ర ఔషధాల ప్రకటనల నిషేధ చట్టం కింద నేరం. ఆ కాగితాన్ని ఫొటో తీసి ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయడానికి మనకు వకీలు అక్కర్లేదు, నలుగురు కలిసి సంతకాలు చేస్తే చాలు.

ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళాలి?

ప్రతి దురదకూ నిపుణుల దగ్గరికి పరుగెత్తమని నేను అనడం లేదు. చెమటకాయలకు, చిన్న పగుళ్ళకు చల్లని నీళ్ళు, కొబ్బరినూనె, వదులైన నూలు బట్టలు చాలు. అయితే రెండు మూడు వారాల్లో తగ్గని దద్దు, తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చే దద్దు చూపించాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రాత్రిళ్ళు దురద ఎక్కువవుతుంటే గజ్జి కావచ్చు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు పూయకపోతే పోదు. స్పర్శ తెలియని మచ్చ, చెయ్యో కాలో తిమ్మిరి, మానని పుండు, పెరుగుతున్న పుట్టుమచ్చ, అరికాల్లోనో గోటి కిందనో కొత్తగా వచ్చిన నల్లమచ్చ ఉంటే ఆలస్యం చేయకూడదు. జుట్టు గుండ్రంగా మచ్చలు మచ్చలుగా ఊడుతున్నా, తలకు రంగు వేసుకున్నాక కళ్ళు వాచినా వెళ్ళాలి.

కొన్నిటికి గంటలు కూడా ముఖ్యమే. కొత్త మాత్ర వేసుకున్న కొద్దిరోజుల్లో ఒళ్ళంతా ఎర్రబడి, నోట్లో, కళ్ళలో, జననాంగాల దగ్గర పుండ్లు పడి, చర్మం ఊడుతుంటే ఆ మాత్ర ఆపి, ఆ చీటీ పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. అది ప్రాణాపాయం. ఒక పక్కన మంటతో పొక్కులు వరసగా లేస్తే మనవాళ్ళు కుమ్మరి దగ్గరికి వెళ్ళి ఎర్రమట్టితో అక్కి రాయించుకుంటారు. రాయించుకున్నా సరే, మూడు రోజుల్లోగా డాక్టరును కలిసి మందు మొదలుపెడితే నొప్పి నెలల తరబడి వేధించే అవకాశం తగ్గుతుంది. కంటి దగ్గర వస్తే చూపే పోవచ్చు.

నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పది మంది గాని అంతకన్నా ఎక్కువ మంది గాని పనిచేసే చోట, జీతం పరిమితికి లోబడిన కార్మికులకు ఈఎస్ఐ వర్తించాలి. కాంట్రాక్టు కార్మికురాలినని ఊరుకోకుండా, జీతంలో కోత పడుతున్నదా, నంబరు వచ్చిందా అని అడగాలి. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు ఆ కార్డు లేదు. వాళ్ళు మొదట బస్తీ దవాఖానాలో చూపించి, అవసరమైతే చీటీ రాయించుకుని గాంధీ ఆసుపత్రికి గాని, ఉస్మానియాకు గాని వెళ్ళాలి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్ దగ్గర మారితే గాంధీ ఆసుపత్రి ముందే దిగవచ్చు. అయితే ఉదయం ఓపీకి వెళ్ళడమంటే ఆ రోజు కూలి పోవడమే. ఈ లెక్కే ఎంతోమందిని ఆపేస్తోంది.

ప్రైవేటుకు వెళ్ళేవాళ్ళు బోర్డు మీది మెరుపు చూడవద్దు, డిగ్రీ చూడండి. వీధికొకటిగా వెలిసిన స్కిన్, హెయిర్, లేజర్ క్లినిక్కులన్నిటిలోనూ చర్మ వైద్యులు ఉండరు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళంతా డాక్టర్లు కారు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగడం తప్పు కాదు. ఏ జబ్బని తేల్చారు, ఈ మందులో స్టెరాయిడ్ ఉందా, ఎన్నాళ్ళు రాయాలి, ఇది నా పనివల్ల వచ్చిందా అనే నాలుగు ప్రశ్నలూ అడిగి, చీటీ మీద రాయించుకుని రండి.

"మళ్ళీ నిపుణుల చేతుల్లోకేనా?"

మన మిత్రుల్లోనే కొందరు నాతో వాదించారు. నీళ్ళు లేవు, కూలి లేదు, ఇంట్లో దెబ్బలు తప్పవు, మధ్యలో చర్మ డాక్టరేమిటని ఒక వాదన. స్త్రీల శరీరాలను డాక్టర్ల పెత్తనం నుంచి విడిపించాలని ఇన్నేళ్ళు చెప్పి, ఇప్పుడు మరో నిపుణుడి దగ్గరికి పంపిస్తారా అని మరో వాదన. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు చూసిన మనకు ఈ అనుమానం సహజం.

రెండూ గౌరవించదగ్గ వాదనలే. మొదటిదానికి నా సమాధానం, నీళ్ళూ కూలీ చర్మం కన్నా వేరు కావు. గజ్జి పోవాలంటే నీళ్ళు కావాలి, చేతులు బాగుపడాలంటే తొడుగులూ సెలవూ కావాలి. చర్మం గురించి మాట్లాడటం మొదలుపెడితే మాట అక్కడికే వెళుతుంది. రెండోదానికి, పెత్తనం వేరు, అవసరమైన జ్ఞానం వేరు. ఇవాళ మన బస్తీ స్త్రీల చర్మం డాక్టర్ల పెత్తనం కింద లేదు. షాపువాడి పెత్తనం, ప్రకటనల పెత్తనం, పెళ్ళి సంబంధాల పెత్తనం కింద ఉంది. అర్హత ఉన్న డాక్టరును ప్రశ్నించవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. ప్రకటనను ఏమని ప్రశ్నిస్తాం? అనవసరమైన వైద్యాన్ని వద్దనే హక్కు ఎంత ముఖ్యమో అవసరమైన వైద్యం పొందే హక్కూ అంతే ముఖ్యం.

కాబట్టి మన సంఘాలు కొన్ని పనులు ఎత్తుకోవాలని నా ప్రతిపాదన. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ బస్తీ దవాఖానాల్లో వారానికో, పక్షానికో ఒకసారి చర్మ వైద్యులు సాయంత్రం పూట కూచునేలా ప్రభుత్వాన్ని అడగాలి. పనికి వెళ్ళి వచ్చాక చూపించుకునే వీలుండాలి, వీలైతే మహిళా డాక్టరు ఉండాలి. బోర్డుల మీద "సుఖవ్యాధులు" అనే మాట తీసేయించాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మే షాపుల మీద ఔషధ నియంత్రణ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదులివ్వాలి. పారిశ్రామికవాడల్లో చేతుల మీద దద్దు ఉన్న స్త్రీలు ఎందరో యూనియన్లతో కలిసి లెక్క తీయాలి, ఆ లెక్కతో ఫ్యాక్టరీల శాఖకు వెళ్ళాలి. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు చేతితొడుగులు, జబ్బు సెలవు ఇవ్వడం దయ కాదు, పని షరతుల్లో భాగమని చెప్పాలి.

వచ్చే సమావేశంలో చర్మం విషయం చివరికి మిగలనివ్వకండి. మొదటి అంశంగా పెట్టండి. "మీ చేతులు చూపించండి" అని అడిగి చూడండి. ఎన్ని చేతులు ముందుకొస్తాయో, వాటి మీద ఎన్నేళ్ళ చాకిరి రాసి ఉంటుందో మీకే తెలుస్తుంది.